ఇంటికి గాలిలో వచ్చే తీగ: నాలుగు ప్రయత్నాల చరిత్ర



జీఎస్ పేపర్ 3లో "మౌలిక సదుపాయాలు" అన్న మాట చూడగానే మనకు రోడ్లు, ఓడరేవులు, కరెంటు గుర్తొస్తాయి. ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి భారత్‌నెట్ మీద నాలుగు పాయింట్లు రాసి ముందుకు వెళ్ళిపోతాం. నేనూ అంతే చేసేవాణ్ణి, ఒక ఆదివారం నా ఆన్సర్ షీట్లు అప్‌లోడ్ కాకుండా ఆగిపోయేదాకా.

మాది భిలాయి ఉక్కు కర్మాగారం పక్కన ఖుర్సీపార్. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి కూలి పనికి వచ్చారు. నాన్న ఇక్కడే పుట్టారు, నేనూ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. మా సందులోకి ఫైబర్ కేబుల్ రాలేదు. అందుకని కొత్తగా వచ్చిన వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. యాప్‌లో పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతంలో సేవ ఉంది" అని పచ్చ టిక్కు వచ్చింది. అమ్మకు టీవీలో తెలుగు చానళ్ళు, నాకు టెస్ట్ సిరీస్. ఇద్దరం సంతోషించాం.

ఆ ఆదివారం సాయంత్రం మూడు గంటలు కూర్చుని పేపరు రాశాను. రాసిన కాగితాలు ఫోనుతో స్కాన్ చేసి పంపడానికి అరగంట గడువు. పక్క గదిలో అమ్మ సినిమా చూస్తోంది, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక్కడ నా ఫైలు మాత్రం సగం దాకా వెళ్ళి నిలబడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నిలబడింది. గడువు అయిపోయింది. ఆ పేపర్ ఎవరూ దిద్దలేదు.

కంపెనీ పేరు చెప్పను, ఈ వ్యాసానికి అది అక్కర్లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు: కవరేజీ ఉంది, సినిమా వస్తోంది, మరి నా కాగితాలు ఎందుకు వెళ్ళలేదు? చేసింది ఇంజనీరింగే కాబట్టి సాంకేతిక కారణం వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ వెతుకుతూ చరిత్రలోకి వెళ్ళాను. తీగ లేకుండా ఇంటికి సేవ ఇస్తామని మన దేశంలో చెప్పడం ఇది మొదటిసారి కాదు, నాలుగోసారి. ఆ నాలుగింటినీ వరుసగా పెట్టి చూస్తే పరీక్షకు పనికొచ్చే వాదన ఒకటి దొరుకుతుంది. చివరిదాకా చదవండి.

అసలు కష్టం ఎక్కడ?

టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి మీ గుమ్మం దాకా ఉండే ఆఖరి ముక్కను టెలికాం భాషలో "చివరి మైలు" అంటారు. నగరం నుంచి నగరానికి కేబుల్ వేస్తే ఆ ఖర్చు లక్షల మంది మీద పంచుకోవచ్చు. చివరి మైలు ఖర్చు మాత్రం ఒక్క ఇంటి మీదే పడుతుంది. అందుకే మొత్తం నెట్‌వర్క్‌లో తలకు ఎక్కువ పడేది ఇదే.

డబ్బు ఒక్కటే కాదు, నేల సంగతి కూడా ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్తంభాలు పాతడానికీ తీగలు లాగడానికీ ప్రభుత్వానికి హక్కు ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలు వచ్చాక ఒక్కో తవ్వకానికీ ఒక్కో అనుమతి కావాల్సి వచ్చింది. 2016లో రైట్ ఆఫ్ వే నియమాలు వచ్చాయి. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద చేసిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. రెండూ ప్రిలిమ్స్‌కు పనికొచ్చేవే.

ఈ నేల సంగతి మా ఊరిలో నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతో పాటు సెక్టార్లుగా ప్లాను గీసి టౌన్‌షిప్ కట్టారు. ఆ పక్కన పని కోసం వచ్చినవాళ్ళ బస్తీలు వాటంతట అవే పెరిగాయి. ఇప్పుడు ఇక్కడ ఒకవైపు కర్మాగారం నేల, ఒకవైపు కార్పొరేషన్ వీధి, ఒకవైపు జాతీయ రహదారి, ఇంకోవైపు రైలు పట్టాలు. క్వార్టర్ల వరుస దాటగానే పట్టా ఉన్న ఇల్లు, దాని పక్కన పట్టా లేని ఇల్లు. ఇలాంటి చోట రెండు వందల మీటర్లు కేబుల్ వేయాలన్నా ఎవరిని అడగాలో ముందు తేల్చుకోవాలి. గాలికి పట్టా అక్కర్లేదు. తీగ లేని సేవ మీద అందరికీ మోజు పుట్టింది అక్కడే.

మొదటి ప్రయత్నం: పంచాయతీ ఫోను

1994 జాతీయ టెలికాం విధానం వచ్చేనాటికి దేశంలో వందమందికి ఒక ఫోను కూడా లేదు. ఆ విధాన పత్రం చెప్పిన లెక్క 0.8. దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులవి. 1997 కల్లా అడిగినవాళ్ళందరికీ ఫోను, అదే గడువుకు ప్రతి గ్రామానికీ ఫోను అని ఆ విధానం లక్ష్యం పెట్టుకుంది.

అన్ని గ్రామాలకూ రాగి తీగ లాగడం అయ్యే పని కాదు. కాబట్టి "మార్" అనే రేడియో పద్ధతి వాడారు. విప్పి చెబితే మల్టీ యాక్సెస్ రేడియో రిలే. ఎక్స్ఛేంజి దగ్గర ఒక రేడియో కేంద్రం, గ్రామంలో ఒక యాంటెన్నా, బ్యాటరీ, ఫోను. కొద్దిపాటి చానళ్ళను చాలా గ్రామాలు పంచుకుంటాయి.

కాగితం మీద గ్రామాలు చకచకా "కవర్" అయ్యాయి. ఫోన్లు మాత్రం సరిగ్గా మోగలేదు. బ్యాటరీ పోతే మార్చే మనిషి లేడు, విడిభాగాలు దొరకవు. చివరికి ఇలాంటి లక్షా ఎనభై వేలకు పైగా గ్రామీణ ఫోన్లను వేరే పద్ధతిలోకి మార్చడానికి యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ నుంచి మళ్ళీ డబ్బు పెట్టాల్సి వచ్చింది. ఈ నిధి విధానం 2002 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, 2003లో చట్టబద్ధమైంది. 2023 చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి. లెక్కలో ఆ గ్రామాలన్నీ "ఫోను ఉన్న గ్రామాలు". ఫోను ఎత్తితే డయల్ టోన్ వస్తుందా లేదా అన్నదానికి ఆ పట్టికలో గడి లేదు.

రెండో ప్రయత్నం: కార్‌డెక్ట్, డబ్ల్యూఎల్ఎల్

1990లలో మన దేశంలో ఒక ఫోను లైను వేయడానికి దాదాపు ముప్పై వేల రూపాయలకు పైగా పడేది. దాన్ని పది వేలకు దించితే తప్ప మామూలు కుటుంబానికి ఫోను రాదని లెక్కగట్టినవారు ఐఐటీ మద్రాసు ఆచార్యులు అశోక్ ఝున్‌ఝున్‌వాలా. ఆయన బృందం, మైడాస్ కమ్యూనికేషన్, అనలాగ్ డివైసెస్ కలిసి కార్‌డెక్ట్‌ను తయారుచేశాయి. చివరి మైలులో రాగి తీగకు బదులు రేడియో. ఇంటి మీద చిన్న యాంటెన్నా, అది టవర్‌కు కనబడితే చాలు. నేరుగా పది కిలోమీటర్లు, మధ్యలో రిలే పెడితే పాతిక కిలోమీటర్ల దాకా. మాట్లాడుతూనే 35 కేబీపీఎస్ ఇంటర్నెట్, మాట్లాడకపోతే 70. ఆ రోజుల్లో డయల్-అప్ వాడినవాళ్ళకు అది చిన్న సంగతి కాదు. మన కుప్పం ప్రాంతంలో కూడా దీన్ని వేశారు. ఎన్-లోగ్ అనే సంస్థ దీని మీదే పల్లెల్లో ఇంటర్నెట్ కియోస్కులు నడిపింది.

అదే సమయంలో ఇంకో కథ నడిచింది. వైర్‌లెస్ ఇన్ లోకల్ లూప్, అంటే డబ్ల్యూఎల్ఎల్. 2001 జనవరిలో ప్రభుత్వం ల్యాండ్‌లైన్ కంపెనీలకు ఒక వీలు ఇచ్చింది. చివరి మైలులో రేడియో వాడుకోవచ్చు, ఆ ఫోను పట్టుకుని పరిమిత ప్రాంతంలో తిరగనూవచ్చు. "ఇది దొడ్డిదారి మొబైల్" అని సెల్ కంపెనీలు కోర్టుకెక్కాయి. టీడీశాట్, సుప్రీంకోర్టు, మళ్ళీ టీడీశాట్. 2003 నవంబరులో యూనిఫైడ్ యాక్సెస్ లైసెన్సుతో ఆ గొడవ తీరింది. ఫలితం? ఇంటి ఫోను కోసం తెరిచిన దారి పూర్తి మొబైల్ అయిపోయింది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో కిటికీ దగ్గర డబ్ల్యూఎల్ఎల్ సెట్టు ఉండేది. చూడడానికి మామూలు ఫోనే, వెనక చిన్న యాంటెన్నా. వాన పడితే దాన్ని అటూ ఇటూ తిప్పి మాట్లాడేవారు. తరువాత మామయ్య మొబైల్ కొన్నారు, సెట్టు అటకెక్కింది. దేశమంతా జరిగింది కూడా అదే.

మూడో ప్రయత్నం: 2010 వేలం

2010లో త్రీజీ వేలం అయిన వెంటనే బ్రాడ్‌బ్యాండ్ వైర్‌లెస్ యాక్సెస్ వేలం జరిగింది. ప్రభుత్వానికి 38 వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. బీఎస్ఎన్ఎల్‌కు ముందే స్పెక్ట్రమ్ ఇచ్చారు, అది వైమాక్స్ పద్ధతిలో సేవ మొదలుపెట్టింది. పేరులోనే ఉంది చూడండి, "బ్రాడ్‌బ్యాండ్". ఇళ్ళకూ ఆఫీసులకూ వేగమైన ఇంటర్నెట్ అన్నది అప్పటి మాట.

దేశంలోని 22 సర్కిళ్ళలోనూ గెలిచిన ఏకైక కంపెనీ ఇన్ఫోటెల్ బ్రాడ్‌బ్యాండ్. చెల్లించాల్సిన మొత్తం 12,848 కోట్లు. వేలం ముగియగానే దాన్ని రిలయన్స్ కొనేసింది. ప్రపంచం వైమాక్స్‌ను వదిలి ఎల్టీఈ వైపు వెళ్ళింది. 2013లో 1,658 కోట్లు కట్టించుకుని ఆ స్పెక్ట్రమ్ మీద వాయిస్ కాల్స్‌కు కూడా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2016 సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలయ్యాయి. ఆ తరువాతి కథ మీకు తెలిసిందే.

ఇది రెండోసారి. ఇంటి కోసమని మొదలైన స్పెక్ట్రమ్ మళ్ళీ జేబులోని ఫోనుకు వెళ్ళిపోయింది. కారణంలో కుట్రేమీ లేదు. ఒక టవర్ కింద వెయ్యి మంది మొబైల్ వాడకందారులు తెచ్చే ఆదాయం పది ఇళ్ళ యాంటెన్నాలు తేలేవు. పెట్టుబడి ఆదాయం ఉన్న వైపే నడిచింది. చవక మొబైల్ డేటాతో దేశం మారిపోయిన మాట నిజమే. కానీ ఇంటికి స్థిరమైన కనెక్షన్ అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఫోను తెర మీద క్లాసు వినొచ్చు, నలభై పేజీల ఆన్సర్ బుక్‌లెట్ పంపడం వేరే పని.

నాలుగో ప్రయత్నం: 5జీ ఇంటికొచ్చింది

2022 ఆగస్టులో 5జీ వేలం ముగిసింది, అక్టోబర్ 1న సేవలు ప్రారంభమయ్యాయి. ఏడాది తిరగకుండానే కంపెనీలకు ఒక సంగతి అర్థమైంది. టవర్ల మీద బోలెడంత సామర్థ్యం ఉంది, 5జీ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లో లేవు. మిగిలిన సామర్థ్యాన్ని ఇళ్ళకు అమ్మవచ్చు. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైలలో ఎక్స్‌ట్రీమ్ ఎయిర్‌ఫైబర్ తెచ్చింది. సెప్టెంబర్ 19న జియో ఎయిర్‌ఫైబర్ ఎనిమిది నగరాల్లో మొదలైంది, మన హైదరాబాద్ అందులో ఒకటి. తరువాత చిన్న ఊళ్ళకు విస్తరించింది. 2025 మధ్య నాటికి తమ కనెక్షన్లు 70 లక్షలు దాటాయని జియో ప్రకటించింది. దీని సాంకేతిక పేరు ఫిక్స్‌డ్ వైర్‌లెస్ యాక్సెస్. ఎఫ్‌డబ్ల్యూఏ అని నోట్సులో రాసుకోండి.

దీనికీ ముందటి రెండింటికీ తేడా గమనించారా? అప్పుడు ఇంటి కోసం తెరిచిన దారి మొబైల్‌కు వెళ్ళింది. ఇప్పుడు మొబైల్ కోసం కొన్న స్పెక్ట్రమ్ ఇంటికి వచ్చింది. దిశ తిరగబడింది. ఆ టవర్ దగ్గర ఇల్లు అతిథి, యజమాని మొబైల్. మిగిలితే పెడతారు. రేపు వీధిలో అందరి చేతికీ 5జీ ఫోను వచ్చాక ఏమవుతుంది అన్నదే ఈ సేవ భవిష్యత్తు. నెట్‌వర్క్ స్లైసింగ్ అనే పద్ధతిలో ఇళ్ళకు వేరే వాటా కట్టిపెట్టవచ్చు, ఆ వీలు 5జీ స్టాండలోన్ నెట్‌వర్క్‌లో ఉంది. ఎంత వాటా కడతారన్నది కంపెనీ చేతిలో ఉంటుంది.

నా కాగితాలు ఎందుకు ఆగాయి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. టవర్ నుంచి ఇంటి దాకా నాలుగు అడ్డంకులు.

ఒకటి, గోడ. 5జీలో ఎక్కువ డేటా మోసేది 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం గోడల్ని దాటలేదు. 26 గిగాహెర్ట్జ్‌కు చెట్టు ఆకులు, గట్టి వాన కూడా అడ్డమే. 700 మెగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ మోసే డేటా తక్కువ. అందుకే డాబా మీద పెట్టె పెడతారు. మా ఇంటికి వచ్చిన కుర్రాడు గదిలో పరికరం పట్టుకుని చూసి "భయ్యా, ఛత్ మీదే పెట్టాలి" అన్నాడు. పైన కూడా మూడు చోట్లు మార్చాడు. పక్కింటి రేకుల షెడ్డు అడ్డం వచ్చింది, ఇనుప రేకు తరంగాన్ని వెనక్కి కొడుతుంది. అదే వీధిలో రెండంతస్తుల ఇంటికి బాగా వస్తుంది, దాని నీడలో ఉన్న రేకుల ఇంటికి రాదు. పిన్‌కోడ్ మీద పెట్టిన పచ్చ టిక్కు ఈ రెండిళ్ళనూ ఒకే గాటన కడుతుంది.

రెండు, పంపకం. ఒక లెక్క వేద్దాం. టవర్‌లో ఒక దిక్కుకు 1,000 ఎంబీపీఎస్ సామర్థ్యం ఉందనుకోండి. ఆ దిక్కున 100 ఇళ్ళకు 100 ఎంబీపీఎస్ ప్లాను అమ్మారనుకోండి. తెల్లవారుజామున ఐదుగురే వాడితే అందరికీ వంద వస్తుంది. రాత్రి తొమ్మిదికి వందమందీ కూర్చుంటే తలకు పది. ఇందులో మోసమేమీ లేదు, ఫైబర్‌లోనూ పంపకం ఉంటుంది. కాకపోతే ఫైబర్‌లో సామర్థ్యం పెంచడం తేలిక, గాలిలో స్పెక్ట్రమ్ కొలతకు మించి పెంచలేం.

మూడు, దిశ. 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండులో పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా జరుగుతాయి. జనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ కాబట్టి వంతుల్లో పెద్ద భాగం డౌన్‌లోడ్‌కు ఇస్తారు. పైగా టవర్‌కు ఉన్న బలం మన డాబా మీది పెట్టెకు ఉండదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట ముందు దెబ్బతినేది అప్‌లోడే. అమ్మ సినిమా ఆగకపోవడానికీ నా పేపర్ ఆగిపోవడానికీ కారణం ఇదే.

నాలుగు, టవర్ వెనక ఏముంది? టవర్ దాకా ఫైబర్ రాకపోతే అది మైక్రోవేవ్ రేడియో మీద నడుస్తుంది, అక్కడే ఇరుకు. 2019 డిసెంబర్ 17న మొదలైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ టవర్లకు ఫైబర్‌ను 30 శాతం నుంచి 70 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. అంటే ప్రతి పదింటిలో ఏడు టవర్లకు అప్పటికి ఫైబర్ లేదన్నమాట.

అందుకే ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి: తీగ లేని ఇంటర్నెట్ అంటూ ఏదీ లేదు. ఇంటి ముందు లేని తీగ టవర్ వెనక ఉండి తీరాలి.

తీగనే పైనుంచి వేస్తే?

తవ్వకుండా తీగ వేసే దారి ఆంధ్రప్రదేశ్ చూపించింది. ఏపీ ఫైబర్‌గ్రిడ్ కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. స్తంభాలు అప్పటికే ఉన్నాయి, నేల అనుమతులు చాలావరకు తప్పాయి. 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్న ప్లానుతో మొదలైంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. అదే నెలలో ఫైబర్ వేయలేని చోట్ల కాంతి కిరణాలతో డేటా పంపే రెండు వేల పెట్టెల కోసం గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్‌తో రాష్ట్రం ఒప్పందం చేసుకుంది. స్తంభం మీది తీగకు గాలివాన భయం ఉంటుంది, లారీ తగిలినా తెగుతుంది. అయినా అది తీగే, రాత్రి తొమ్మిదికి ఇరుకైపోదు.

ఇక మా రాష్ట్రం. 2018 జూన్ 14న ప్రధాని భిలాయి వచ్చారు. విస్తరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు, ఐఐటీ భిలాయి శాశ్వత క్యాంపస్‌కు శంకుస్థాపన చేశారు, భారత్‌నెట్ రెండో దశ పనులు ప్రారంభించారు. మూడూ ఒకే సభలో. ఆ రోజు భిలాయిలో మొదలైన భారత్‌నెట్ లెక్కలో ఖుర్సీపార్ లేదు. ఎందుకంటే భారత్‌నెట్ గ్రామ పంచాయతీలను లెక్కపెడుతుంది, మాది కార్పొరేషన్ వార్డు. పల్లెకు ప్రభుత్వ నిధి ఉంది. నగరంలోని మంచి కాలనీకి కంపెనీలే పరిగెత్తుకొస్తాయి. పారిశ్రామిక పట్టణంలోని కార్మిక బస్తీ ఈ రెంటికీ మధ్య జారిపోతుంది. "డిజిటల్ అంతరం" అనగానే పల్లె–పట్నం అని రాసేస్తాం. పట్నం లోపలి అంతరం మన జవాబుల్లో కనబడదు. ఈసారి రాయండి.

ఏది లెక్కపెడితే అదే వస్తుంది

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఎంత వేగం? 2004 విధానంలో 256 కేబీపీఎస్. తరువాత 512. 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. ఆ నిర్వచనాన్ని జాగ్రత్తగా చదవండి. అది చెప్పేది కనీస డౌన్‌లోడ్ వేగం. అప్‌లోడ్ మాట అందులో లేదు. నిర్వచనం దృష్టిలో పౌరుడు చూసేవాడు, పంపేవాడు కాదు. దరఖాస్తు పెట్టేవాడు, ఇంటి నుంచి పని చేసేవాడు, డాక్టరుకు రిపోర్టు పంపేవాడు, పరీక్ష రాసేవాడు, వీళ్ళందరూ పంపేవాళ్ళే.

మార్పు అసలు లేదనను. ట్రాయ్ 2024 ఆగస్టులో కొత్త సేవా నాణ్యతా నియమాలు ఇచ్చింది, అక్టోబర్ 1 నుంచి అమలు. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలని అందులో ఉంది. మంచి అడుగు. కానీ మ్యాపు చెప్పేది తరంగం చేరే చోటు. రాత్రి తొమ్మిదికి ఏ వీధిలో ఎంత అప్‌లోడ్ వస్తుందో చెప్పే పట్టిక కూడా దాని పక్కన ఉండాలి.

ఇదెందుకు ముఖ్యమో ఎథిక్స్, పాలిటీ వైపు నుంచి కూడా చూడండి. 2019లో ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటును విద్యా హక్కు, గోప్యతా హక్కులలో భాగంగా చూసింది. అది హాస్టల్లో ఫోను వాడకం మీద ఆంక్షల కేసు. హక్కు అన్నాక అది పనిచేసే స్థితిలో ఉండాలి కదా. మోగని పంచాయతీ ఫోను హక్కును తీర్చలేదు, సగంలో ఆగే అప్‌లోడ్ కూడా తీర్చదు.

జవాబులో ఎలా రాయాలి?

నాలుగు మాటలను విడివిడిగా వాడండి: కవరేజీ, అందుబాటు, పనితీరు, వాడకం. తరంగం చేరడం కవరేజీ. మీ ఇంటికి కనెక్షన్ ఇవ్వగలగడం అందుబాటు. అవసరమైన గంటలో అవసరమైన వేగం రావడం పనితీరు. ఖర్చు భరించి ఉపయోగించుకోగలగడం వాడకం. మొదటి లెక్క చూపించి మిగతా మూడూ వచ్చేశాయనుకోవడమే పంచాయతీ ఫోను రోజుల నుంచి మనం చేస్తున్న తప్పు.

ముగింపులో ఎఫ్‌డబ్ల్యూఏను తిట్టకండి, ఆకాశానికీ ఎత్తకండి. ఇది ఫైబర్ వచ్చేదాకా మంచి వంతెన. నేల తగాదా ఉన్న చోట, కొండ వాలులో, అద్దె ఇంట్లో ఇదే దారి. దాన్ని చూపించి "ఇక ఫైబర్ అక్కర్లేదు" అంటే మాత్రం చరిత్ర ఒప్పుకోదు. సూచనలుగా మూడు రాయండి: టవర్లకు ఫైబర్, బస్తీలకు కరెంటు స్తంభాల మీదుగా కేబుల్, నిర్వచనంలో అప్‌లోడ్‌కు చోటు.

సాధన ప్రశ్న: "భారతదేశంలో వైర్‌లెస్ చివరి మైలు సేవల చరిత్ర కవరేజీకీ పనితీరుకూ మధ్య ఉన్న దూరం చరిత్ర. చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. గడియారం పెట్టుకుని రాయండి.

నా సంగతి అడుగుతారా? ఇప్పుడు నేను పేపరు మధ్యాహ్నం పూట రాస్తున్నాను. వీధంతా పనిలో ఉంటుంది, టవర్ ఖాళీగా ఉంటుంది, అప్‌లోడ్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. నాకు దారి దొరికింది. కానీ మా వెనక సందులో పగలంతా వెల్డింగ్ పనికి వెళ్ళి, రాత్రి పూటే చదువుకునే కుర్రాడు ఒకడున్నాడు. వాడికి మధ్యాహ్నం లేదు. ఈ వ్యాసం వాడిని దృష్టిలో పెట్టుకుని రాశాను.

మీ వీధిలో రాత్రి తొమ్మిదికి అప్‌లోడ్ ఎంత వస్తుందో ఒకసారి కొలిచి చూడండి. మళ్ళీ కలుద్దాం.